కంప్యూటర్ స్పీకర్లు మొరాయిస్తే విప్పేముందు ఒకసారి వినండి

కంప్యూటర్ స్పీకర్లు పాడవగానే చాలామంది చేసేది రెండే పనులు. ఐతే తీసి మూల పడేసి కొత్తవి వెతకడం మొదలుపెడతారు, లేదంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని డబ్బా వెనకాల కూర్చుంటారు. రెండూ తొందరపాటే. స్పీకర్లతో ఉన్న సుఖం ఏంటంటే పాడైన స్పీకర్ కూడా ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది, గుయ్యిమంటుంది, గరగరమంటుంది, టప్ టప్ మంటుంది, ఆ చప్పుడేంటో కాస్త చెవి పెట్టి వింటే లోపం ఎక్కడుందో విప్పకముందే సగం తెలిసిపోతుంది. అస్సలు చప్పుడే లేదంటే అది కూడా ఒక కబురే.

ఇంకోటి కూడా ముందే చెప్పేస్తా. వీటిల్లో పాడయ్యేవి ఎక్కువగా రెండు రకాలు, రోజూ మన చెయ్యి తగిలేవి, రోజూ వేడెక్కేవి. చెయ్యి తగిలేవంటే పిన్ను, వైరు, వాల్యూమ్ కంట్రోల్, ఆన్ ఆఫ్ స్విచ్చు. వేడెక్కేవంటే కరెంటు సప్లై దగ్గరున్న కెపాసిటర్లు (కరెంటుని నిల్వ పెట్టే గుండ్రటి డబ్బీలు), యాంప్లిఫయర్ ఐసీ (సిగ్నల్‌ని పెంచే చిప్పు), ట్రాన్స్‌ఫార్మర్ (ప్లగ్గు కరెంటు వోల్టేజీ తగ్గించేది). ఈ రెండు గుంపుల్లోకీ రాని చిన్న చిన్న రెసిస్టర్లు అవీ బోర్డు మీద పదుల కొద్దీ ఉంటాయి కానీ వాటంతట అవి పాడయ్యేది తక్కువే, అందుకే బోర్డు చూడగానే అమ్మో ఇన్ని పార్టులా అని బెదిరిపోనక్కర్లేదు, మనం చూడాల్సినవి ఓ పది ఉంటే గొప్ప.

దారి ఎలా ఉంటుందంటే, కంప్యూటర్‌లోంచి చిన్న సిగ్నల్ వస్తుంది, ఒక వోల్టు అటూ ఇటూగా, అది వైరులోంచి స్పీకర్ డబ్బాలోకి వెళ్ళి వాల్యూమ్ కంట్రోల్ దాటుతుంది, 2.1 సిస్టమ్ (రెండు చిన్న స్పీకర్లు, బేస్‌కి ఒక పెద్ద డబ్బా) అయితే అక్కడో చిన్న ఐసీ (చాలా వాటిల్లో 4558 అనే ఎనిమిది కాళ్ళది) బేస్ భాగాన్ని విడదీసి పెద్ద డబ్బాకి పంపిస్తుంది, ఆ తర్వాత యాంప్లిఫయర్ ఐసీ దాన్ని పెంచుతుంది, చివరికి కోన్ (ఊగుతూ సౌండ్ చేసే గరాటు లాంటి ముక్క) ఉన్న అసలు స్పీకర్‌కి చేరుతుంది. ఈ దారి అంతటికీ పక్కనుంచి కరెంటు అందించే సప్లై వేరే. రిపేరు అంటే ఈ దారిని మధ్యకి విరగ్గొట్టి ఏ సగంలో తప్పుందో చూడ్డం, మళ్ళీ ఆ సగాన్ని సగం చెయ్యడం, అంతే.

మొదటి విరుపు ఖర్చు లేనిది. స్పీకర్ పిన్ను కంప్యూటర్‌లోంచి పీకి ఫోన్‌కో టీవీకో పెట్టండి, కంప్యూటర్‌కేమో ఇయర్‌ఫోన్స్ పెట్టండి. ఫోన్‌తో స్పీకర్లు చక్కగా మోగితే స్పీకర్లలో ఏమీ లేదు, గొడవ కంప్యూటర్‌ది. ఈ ముక్క ఎంత చిన్నదనిపించినా దీన్ని దాటేసి డబ్బా విప్పి కూర్చున్నవాళ్ళు బోలెడుమంది. విండోస్‌లో అన్నిటికంటే ఎక్కువ జరిగేది ఏంటంటే హెచ్‌డీఎంఐ వైరుతో మానిటర్ తగిలించగానే సౌండ్ అంతా మానిటర్‌కి వెళ్ళిపోతుంది, ఆ మానిటర్‌కి స్పీకర్లు ఉండవు, ఇక మనం ఇక్కడ వాల్యూమ్ ఎంత పెంచినా నిశ్శబ్దమే. కింద మూల ఉన్న స్పీకర్ బొమ్మ నొక్కి అవుట్‌పుట్ ఏ డివైస్‌కి వెళ్తుందో చూస్తే చాలు. ఒక పక్కే వినిపిస్తుంటే సెట్టింగ్స్‌లో ఎడమ కుడి బ్యాలెన్స్ జరిగిందేమో చూడాలి. లినక్స్‌లో అయితే సౌండ్ సర్దుకునే అల్సామిక్సర్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఛానెల్ కింద ఎంఎం అని ఉందేమో చూడండి, అది మ్యూట్ గుర్తు, ఎం నొక్కితే పోతుంది. డెస్క్‌టాప్ వెనకాల రంగురంగుల రంధ్రాల్లో స్పీకర్‌ది లేతాకుపచ్చ, గులాబీది మైక్, నీలం బయటి సౌండ్ లోపలికి తీసుకునేది, బల్ల కింద చీకట్లో దూరి తడుముకుంటూ పెట్టినప్పుడు నీలంలో పెట్టెయ్యడం మామూలే.

బ్లూటూత్ వాళ్ళకి ఒక ముక్క. పాట బాగానే వస్తూ మీటింగ్ కాల్ మొదలవగానే సౌండ్ పాత రేడియోలా అయిపోతే స్పీకర్ పాడవలేదు. అందులో మైక్ కూడా ఉంటే కాల్ టైమ్‌లో కంప్యూటర్ దాన్ని పాటల మోడ్ నుంచి ఫోన్ మోడ్‌కి మార్చేస్తుంది, అప్పుడు సౌండ్ ఒకే ఛానెల్‌గా, పల్చగా వస్తుంది. కాల్‌కి వేరే మైక్ ఎంచుకుంటే సరిపోతుంది. అలాగే కొన్ని కొత్త స్పీకర్లు సిగ్నల్ బాగా తక్కువ ఉంటే కాసేపటికి వాటంతట అవే నిద్రపోతాయి, రాత్రిపూట చిన్న సౌండ్ పెట్టుకుని సినిమా చూస్తుంటే మధ్యలో ఆగిపోవడం అందుకే. కంప్యూటర్‌లో వాల్యూమ్ 80 శాతం పైన పెట్టి స్పీకర్ నాబ్‌తో తగ్గించుకోండి, నిద్రపోవడం తగ్గుతుంది, వెనకాల వచ్చే స్‌స్‌స్ అనే చప్పుడు కూడా తగ్గుతుంది.

ఇక ఫోన్‌తో కూడా అదే రోగం అయితే అప్పుడు వైరు. 3.5 మిల్లీమీటర్ల పిన్నుని దగ్గర్నుంచి చూడండి, రెండు నల్ల గీతలు దాన్ని మూడు ముక్కలు చేస్తాయి. కొన ఎడమ ఛానెల్, మధ్య ముక్క కుడి, మొదట్లో ఉన్న పెద్ద ముక్క రెండిటికీ కలిపి గ్రౌండ్, అంటే సిగ్నల్ తిరిగి వెళ్ళే ఉమ్మడి దారి. ఈ మూడు ముక్కలు గుర్తు పెట్టుకుంటే వైరు ఎక్కడ తెగిందో చెవితోనే చెప్పెయ్యొచ్చు. ఎడమ పక్క పోయి పోయి వస్తుంటే కొనకి వెళ్ళే తీగ. కుడి అయితే మధ్యది. అన్నిటికన్నా తమాషా గ్రౌండ్ తెగినప్పుడు, రెండు స్పీకర్లూ మోగుతాయి, వాద్యాలు వినిపిస్తాయి, కానీ పాడే గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది లేదా మొత్తానికే మాయమైపోతుంది. ఎందుకంటే గొంతు మామూలుగా రెండు ఛానెళ్ళలోనూ సమానంగా ఉంటుంది, గ్రౌండ్ లేకపోతే స్పీకర్లకి అందేది ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే, సమానంగా ఉన్నది సమానంతో కొట్టేసుకుని సున్నా అవుతుంది. పాట కరోకే అయిపోయిందంటే డబ్బా విప్పొద్దు, పిన్ను మార్చండి. పిన్ను సగమే దూరినా సరిగ్గా ఇదే జరుగుతుంది, కాబట్టి మార్చేముందు గట్టిగా లోపలికి నొక్కి చూడండి.

తీగ దాదాపు ఎప్పుడూ తెగేది పిన్ను మెడ దగ్గర, లేదంటే వైరు డబ్బాలోకి దూరే చోట, ఎందుకంటే వంగేది అక్కడే. సౌండ్ పెట్టి అక్కడ కొంచెం కొంచెంగా వంచి చూస్తే తెలిసిపోతుంది. సౌండ్ తగ్గించి పిన్ను కొన మీద వేలు పెడితే ఎడమ స్పీకర్ బుర్రుమనాలి, మధ్య ముక్క మీద పెడితే కుడిది. పిన్ను పట్టుకుంటే బుర్రుమంటోందంటే వైరు, వాల్యూమ్, యాంప్లిఫయర్, స్పీకర్ అన్నీ బతికే ఉన్నట్టు. కొన్ని 2.1 సెట్లకి బల్ల మీద పెట్టుకునే చిన్న కంట్రోల్ డబ్బా ఒకటి విడిగా లావు వైరుతో ఉంటుంది, దాన్ని రోజూ అటూ ఇటూ లాగుతుంటాం కాబట్టి ఆ వైరు తెగుతుంటుంది, తెగితే చాలా మోడల్స్‌లో సిస్టమ్ మొత్తం ఆన్ కాదు. లైటు కూడా వెలగట్లేదని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని అనుకునేముందు ఆ వైరు చూసుకోవాలి.

ఇప్పుడు హమ్ సంగతి, ఇది కొంచెం చిక్కుముడి. పాట పెట్టకపోయినా వెనకాల నుంచి గుయ్యిమని ఒకటే రాగం వస్తుంటే అందరూ హమ్ అనే అంటారు కానీ అందులో జాతులున్నాయి. మొట్టమొదట స్పీకర్ వెనకాల సిగ్నల్ వైరు పూర్తిగా పీకేసి, వాల్యూమ్ సున్నాకి తిప్పి వినండి. అయినా గుయ్యిమంటూనే ఉంటే తప్పు డబ్బా లోపల, కరెంటు సప్లైలో. పీకగానే ఆగిపోతే తప్పు బయట, వైరులోనో కంప్యూటర్‌లోనో రెండిటి మధ్య గ్రౌండ్‌లోనో. ఈ ఒక్క పరీక్షతో సగం మంది విప్పే పని తప్పించుకుంటారు.

లోపలి హమ్ ఎందుకొస్తుందంటే ప్లగ్గులోంచి వచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది (కొన్ని దేశాల్లో 60), ట్రాన్స్‌ఫార్మర్ దాని వోల్టేజీ తగ్గిస్తుంది, నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకి మళ్ళిస్తాయి, అలా మళ్ళించాక సెకనుకి 100 గుట్టలుగా వస్తుంది. ఆ గుట్టల్ని చదును చేసేది పెద్ద కెపాసిటర్లు, మేడ మీది ట్యాంకు లాగా, మోటార్ ఆగి ఆగి నీళ్ళు కొట్టినా కుళాయిలో మాత్రం ఒకే ధార వస్తుంది కదా. కెపాసిటర్ ఎండిపోతే ట్యాంకు చిన్నదైపోయినట్టు, ఆ గుట్టలు నేరుగా పాటలోకి వచ్చేస్తాయి. సౌండ్ పెంచేకొద్దీ, బేస్ కొట్టినప్పుడల్లా ఆ గుయ్యి ఇంకా ముదురుతుంది, పాట కూడా వణుకుతున్నట్టు అవుతుంది. ఈ లక్షణం ఉంటే నేనైతే ఇంక వేరే ఏదీ వెతకను, సరాసరి కెపాసిటర్లే మారుస్తా.

బయటి హమ్ అయితే ఎక్కువగా గ్రౌండ్ లూప్. కంప్యూటర్‌కీ స్పీకర్లకీ రెండు వేరువేరు దారుల్లో ఎర్త్ కలిసినప్పుడు ఆ రెండు దారుల మధ్య చిన్న కరెంటు తిరుగుతూ ఉంటుంది, అది సిగ్నల్ వైరు గ్రౌండ్‌లోంచి పోతూ సౌండ్‌గా వినిపిస్తుంది. పరీక్ష తేలిక, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, హమ్ ఆగిపోతే అదే. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది, తగ్గకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లే, సిగ్నల్ దాటుతుంది కానీ గ్రౌండ్ తీగ కలవదు. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొడితే హమ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, పోవచ్చు కూడా, కానీ లోపల ఎప్పుడైనా షార్ట్ అయితే కరెంటు పోవడానికి మీ ఒళ్ళు తప్ప వేరే దారి ఉండదు, కాబట్టి ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు.

యూఎస్‌బీ కరెంటుతో నడిచే బుల్లి స్పీకర్లలో ఇంకో రకం చప్పుడు, మౌస్ కదిపినప్పుడల్లా, పేజీ కిందకి జరిపినప్పుడల్లా సన్నగా కీచుమంటుంది. కంప్యూటర్ లోపల పని పెరిగేకొద్దీ 5 వోల్టుల లైనులోనూ గ్రౌండ్‌లోనూ వచ్చే అలజడి అది. యూఎస్‌బీ ప్లగ్గు కంప్యూటర్‌లోంచి తీసి ఫోన్ ఛార్జర్‌కి పెట్టి చూడండి, చాలావరకు నిశ్శబ్దమైపోతుంది. ఇక ఉన్నట్టుండి దడదడదడ అని లయగా వచ్చి ఆగిపోయే చప్పుడు పక్కనున్న మొబైల్‌ది, 2జీ ఫోన్ సెకనుకి 217 సార్లు చొప్పున సిగ్నల్ గుప్పిస్తుంది, ఆ గుప్పుల్ని వైరు యాంటెన్నాలా పట్టుకుంటుంది. ఫోన్ దూరంగా పెట్టుకోవడమే మందు.

వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటే అది వాల్యూమ్ కంట్రోలే, ఇందులో అనుమానం అక్కర్లేదు. నాబ్ పీకి చూస్తే వెనకాల రేకు గిన్నెలా ఉంటుంది, దాని లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పూసిన పట్టీ, దాని మీద ఒక సన్న రేకు వేలు జారుతుంటుంది. స్టీరియో కాబట్టి అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి. దుమ్ము చేరినా, కార్బన్ అరిగినా ఆ వేలు గతుకుల్లో పడ్డట్టు ఎగురుతుంది, అదే గరగర. ఒకచోట పెడితే ఎడమ స్పీకర్ పోతుంది, కొంచెం తిప్పితే వస్తుంది, అదీ ఇదే. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే గొట్టాన్ని మూడు కాళ్ళ పైన ఉండే సందులో పెట్టి చిన్నగా కొట్టి, కరెంటు లేకుండానే ఆ చివర నుంచి ఈ చివరకి పాతిక ముప్పైసార్లు తిప్పండి, కాసేపు ఆరనిచ్చి ఆన్ చెయ్యండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వాడొద్దు, అప్పటికి బాగున్నట్టు అనిపించినా లోపల జిడ్డు మిగిలి మళ్ళీ దుమ్ము పడుతుంది. క్లీన్ చేసినా నెలలోపే మళ్ళీ గరగర మొదలైతే కార్బన్ అరిగిపోయింది, కొత్తది వెయ్యాల్సిందే. పాత దాని మీద బీ50కే, ఏ50కే లాంటిది రాసుంటుంది, 50కే అంటే 50 వేల ఓములు, ముందున్న అక్షరం తిప్పేకొద్దీ ఎలా పెరుగుతుందో చెప్తుంది, అదే అక్షరం, అదే నంబరు, అన్నే కాళ్ళు ఉన్నది తెచ్చుకోవాలి. మార్చాక కూడా గరగర పోకపోతే దానికి ముందున్న చిన్న కెపాసిటర్ లీకై డీసీ కరెంటు (ఊగకుండా ఒకే దిక్కుకి పారేది) కంట్రోల్ మీదకి వస్తోందని అర్థం.

వాల్యూమ్ కంట్రోల్, కెపాసిటర్లు తప్ప ఇప్పటిదాకా చెప్పినవాటికి డబ్బా విప్పే పని పెద్దగా లేదు. ఇక్కడి నుంచి ఉంది, కాబట్టి జాగ్రత్త మాట. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డబ్బాలో ప్రమాదం స్విచ్చు, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్‌కి వచ్చే వైర్ల దగ్గరే, దాని తర్వాతంతా తక్కువ వోల్టేజీ. ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఛార్జర్ లాంటి సర్క్యూట్ ఉన్న డబ్బా వేరే కథ, అందులో 230 వోల్టుల కరెంటుని నేరుగా మళ్ళిస్తారు కాబట్టి మొదటి కెపాసిటర్‌లో 320 వోల్టుల పైన డీసీ నిల్వ ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా ఉండొచ్చు. మల్టీమీటర్‌తో (వోల్టులు, ఓములు కొలిచేది) కొలిచి, వోల్టేజీ ఉంటే ఐదు వాట్ల రెసిస్టర్ ఒకటి, ఓ రెండు వేల ఓములది, ప్లాస్టిక్ పట్టున్న పకడతో పట్టుకుని దాని కాళ్ళకి కొన్ని సెకన్లు ఆనించి ఖాళీ చెయ్యాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్ మనిపించడం వీరత్వం కాదు, బోర్డు కాలుతుంది. మల్టీమీటర్ వాడటం అలవాటు లేకపోతే ఈ రెండో రకం డబ్బా జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

అసలు లైటే వెలగట్లేదు అనుకుందాం. ప్లగ్గు పీకి, గాజు ఫ్యూజు తీసి మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి రెండు కొనలకీ తాకించండి, బీప్ రాకపోతే ఫ్యూజు పోయినట్టు. ఫ్యూజు పోయి, గాజు లోపల తీగ సన్నగా మధ్యలో తెగి ఉంటే వయసైపోయి పోయి ఉండొచ్చు, గాజంతా నల్లగా మసిబారి ఉంటే మాత్రం లోపల గట్టి షార్ట్ అయ్యింది, కొత్త ఫ్యూజు వేసినా మళ్ళీ పోతుంది. పాత ఫ్యూజు టోపీ మీద ఎంతుంటే అంతే వెయ్యాలి, టీ అని ఉంటే నెమ్మదిగా తెగే రకమే, ఎందుకంటే ఆన్ చేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. సిగరెట్ కాగితం చుట్టడాలు, రాగి తీగ వెయ్యడాలు ఇల్లు తగలెట్టుకునే పనులు. ఫ్యూజు బాగుంటే స్విచ్చు, స్విచ్చు బాగుంటే ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు వైపు రెండు వైర్ల మధ్య ఓములు చూడండి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి పదుల నుంచి వందల ఓముల్లో ఏదో ఒకటి రావాలి, అసలేమీ రాకపోతే ఎక్కువగా లోపల చుట్టలో దాచిన థర్మల్ ఫ్యూజు తెగి ఉంటుంది. అది తెగిందంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకో బాగా వేడెక్కింది, ఆ ఎందుకో తేల్చకుండా ట్రాన్స్‌ఫార్మర్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

కెపాసిటర్ల మీద కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇంట్లో చేసే రిపేర్లలో మంచి ఫలితం వచ్చేది ఇక్కడే. పై మూత మీద ప్లస్ గుర్తులాగో కే అక్షరంలాగో గాట్లు ఉంటాయి, లోపల ఒత్తిడి పెరిగితే పేలకుండా అక్కడ చీలడానికి. ఆ మూత చదునుగా ఉండాలి, వేలితో రాస్తే ఉబ్బు తగిలిందంటే అది అయిపోయినట్టే. కింద గోధుమ రంగు జిగురు కనిపిస్తే మాత్రం వెంటనే లీక్ అనుకోకండి, కదలకుండా ఫ్యాక్టరీలో పెట్టిన జిగురు కూడా అలాగే ఉంటుంది. మార్చేటప్పుడు మైక్రోఫారడ్‌లు అంతే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు, 85 డిగ్రీలదానికి బదులు 105 డిగ్రీలది వేస్తే ఇంకా మంచిది. ఈ జాతి కెపాసిటర్‌కి వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుంది, అందుకే హీట్‌సింక్‌కి (ఐసీ వేడిని లాగే లోహపు రేకు) ఆనుకుని ఉన్నది ముందు పోతుంది, అంగుళం దూరంలో ఉన్నది ఇంకా బాగుంటుంది. పక్కన గీత ఉన్న కాలు మైనస్, తిరగేసి పెడితే ఆన్ చేసిన కాసేపటికి పేలుతుంది, కాబట్టి పాతది తీసేముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

సోల్డరింగ్ (పార్టుల కాళ్ళని కరిగించిన లోహంతో బోర్డుకి అతకడం) గురించి ఒక ఇబ్బంది ముందే తెలిస్తే మంచిది. యూరప్‌లో 2006 జులై 1 నుంచి సీసం మీద ఆంక్షలు వచ్చాక ఫ్యాక్టరీలు ఎక్కువగా సీసం లేని సోల్డర్‌కి మారాయి, అది కరగడానికి 217 డిగ్రీల పైన కావాలి, మన దగ్గరుండే సీసం కలిసినది 183, 190 మధ్యలోనే కరుగుతుంది. అందుకే చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో ఎంతసేపు పెట్టినా పాత అతుకు కరగదు, మనం విసుగొచ్చి గట్టిగా లాగితే రాగి ట్రాక్ ఊడొస్తుంది. ముందు పాత అతుకు మీద మన సోల్డర్ కొంచెం కలిపితే రెండూ కలిసి తేలిగ్గా కరుగుతాయి, అప్పుడు పీల్చెయ్యొచ్చు. విప్పినప్పుడు ఎలాగూ చూస్తారు కాబట్టి బరువైన పార్టులు, సాకెట్లు, హీట్‌సింక్ ఐసీ కాళ్ళ చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత గుండ్రటి పగులు ఉందేమో టార్చి ఏటవాలుగా వేసి చూడండి. డబ్బా మీద ఒక్కటిస్తే సౌండ్ వచ్చే సిస్టమ్స్‌లో జబ్బు దాదాపు ఇదే, మళ్ళీ కరిగించి కొంచెం కొత్త సోల్డర్ వేస్తే అయిపోతుంది. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్ళీ పాడేవాటిల్లోనూ ముందు ఈ పగుళ్ళే చూడాలి, తర్వాత ఐసీ స్క్రూ వదులైందా, వెనకాల వేడిని హీట్‌సింక్‌కి దాటించే తెల్ల పేస్టు ఎండిందా అని, ఎందుకంటే చాలా ఐసీలు హద్దు దాటి వేడెక్కితే వాటంతట అవే ఆగిపోతాయి.

యాంప్లిఫయర్ ఐసీ నిజంగా పోతే చప్పుడు వేరుగా ఉంటుంది. ఆన్ చెయ్యగానే స్పీకర్ ధప్ మని కోన్ ఒక పక్కకి తోసుకుపోయి అక్కడే ఉండిపోతే వెంటనే ఆపెయ్యండి. ఐసీ లోపల షార్ట్ అయ్యి సప్లై వోల్టేజీ మొత్తం నేరుగా స్పీకర్ మీదకి వస్తోంది, ఇంకొన్ని సెకన్లుంటే లోపలి తీగ చుట్ట కాలి కమురు వాసన వస్తుంది, అప్పుడు ఒక పార్టు బదులు రెండు పార్టులు. అనుమానం ఉన్నప్పుడు స్పీకర్ వైర్లు పీకేసి, ఆ రెండు టెర్మినల్స్ మధ్య డీసీ వోల్టేజీ కొలవండి, పదుల మిల్లీవోల్టులకి మించకూడదు, వోల్టుల్లో వస్తే ఐసీ పోయినట్టే లెక్క. ఒక టెర్మినల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలిచి కంగారు పడొద్దు, బ్రిడ్జ్ పద్ధతిలో (స్పీకర్ రెండు వైర్లనీ యాంప్లిఫయరే నడిపేలా) కట్టిన వాటిల్లో రెండు వైపులా సగం సప్లై వోల్టేజీ ఉండటం సహజం. టీడీఏ 2030ఏ లాంటి ఐదు కాళ్ళ ఐసీ మార్చేటప్పుడు ఇంకో కిటుకు, దాని వెనక రేకు మైనస్ సప్లై కాలుకి కలిసే ఉంటుంది, అందుకే ప్లస్ మైనస్ రెండు సప్లైలున్న బోర్డుల్లో రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య పల్చటి మైకా ముక్కో రబ్బరు ముక్కో, స్క్రూకి ప్లాస్టిక్ వాషరో పెడతారు. పాతది తీసినప్పుడు అవి ఉంటే కొత్తదానికీ పెట్టాలి, చెత్తలో పోతే కొత్త ఐసీ ఆన్ చేసిన క్షణమే పోవచ్చు.

ఒక్క స్పీకరే మూగబోతే ముందు ఎడమ కుడి వైర్లు మార్చి పెట్టి చూడండి, మూగతనం స్పీకర్‌తో పాటే వెళ్తే స్పీకర్, అక్కడే ఉండిపోతే బోర్డు. స్పీకర్‌ని విడిగా చూడాలంటే ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ చాలు, తీగలతో ఒక్క క్షణం తాకిస్తే టక్ మనాలి, కోన్ కదలాలి. ప్లస్‌ని ప్లస్‌కి తాకిస్తే కోన్ ముందుకొస్తుంది, ఈ గుర్తుతో రెండు స్పీకర్లకీ వైర్లు ఒకే దిక్కులో ఉన్నాయో లేదో కూడా తెలుసుకోవచ్చు, ఒకటి తిరగబడితే బేస్ పల్చబడిపోయి గొంతు మధ్యలో నిలబడకుండా గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. మీటర్‌తో చూస్తే 4 ఓముల స్పీకర్ మూడున్నర దగ్గర, 8 ఓములది ఆరూ ఏడు మధ్యలో చూపిస్తుంది, అది మామూలే, పాడైనట్టు కాదు. నాలుగు వేళ్ళతో కోన్‌ని సమానంగా లోపలికి నొక్కినప్పుడు గీరుకుంటున్న చప్పుడు వస్తే చుట్ట అయస్కాంతానికి రాసుకుంటోంది, దానికి ఇంట్లో మందు లేదు. కానీ కోన్ చుట్టూ ఉన్న స్పాంజి అంచు పొడిపొడిగా రాలిపోయి బేస్ వచ్చినప్పుడల్లా బర్రుమంటుంటే మాత్రం నిరాశ పడక్కర్లేదు, ఆ అంచు విడిగా దొరుకుతుంది, సైజు సరిగ్గా కొలిచి పాతది గోకేసి అంటించుకుంటే స్పీకర్ మళ్ళీ చాలా ఏళ్ళు పని చేస్తుంది. చిన్న స్పీకర్లలో బర్రుమంటే కోన్ కన్నా ముందు డబ్బా స్క్రూలు, ముందున్న జాలీ వదులయ్యాయేమో వేలితో నొక్కి చూడండి.

ఏది బాగుచెయ్యాలి, ఏది వదిలెయ్యాలి అంటే నా లెక్క ఇది. పిన్ను, వైరు, వాల్యూమ్, కెపాసిటర్, సోల్డర్ పగులు వరకు కళ్ళు మూసుకుని చేసుకోవచ్చు. ఐసీ కాళ్ళు బయటికి కనిపించేలా పెద్దగా ఉంటే అదీ చేసుకోవచ్చు. గోరంత ఐసీ నేరుగా బోర్డుకి అతికించి ఉండి, బ్లూటూత్, యాంప్లిఫయర్, ఛార్జింగ్ అన్నీ ఒకే బోర్డు మీద ఉన్న బుల్లి స్పీకర్లలో బ్యాటరీ తప్ప ఇంకేది మార్చబోయినా మన టైమ్ దండగ. ఆ బ్యాటరీ కూడా ఉబ్బి ఉంటే గుచ్చకుండా, వంచకుండా, నిదానంగా తియ్యాలి.

రిపేరు అయ్యాక నేరుగా ప్లగ్గులో పెట్టెయ్యకండి. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలకి పాతకాలం ఫిలమెంట్ బల్బు 60 వాట్లది సిరీస్‌లో (కరెంటు బల్బు దాటాకే డబ్బాకి చేరేలా) కట్టిన బోర్డు ఒకటి ఉంటే (ఎల్‌ఈడీ పనికి రాదు) మొదటిసారి దాని ద్వారానే ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే లోపల అంతా సవ్యంగా ఉంది, గట్టిగా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉంది, కానీ మధ్యలో బల్బు ఉంది కాబట్టి కొత్తగా ఏదీ కాలే ప్రమాదం తక్కువ. బల్బు మసకబారాక స్పీకర్లు తగిలించకుండానే టెర్మినల్స్ మధ్య డీసీ మళ్ళీ కొలవండి. అది మిల్లీవోల్టుల్లోనే ఉంటే ఆఫ్ చేసి, బల్బు తీసేసి, ముందు ఏదైనా పాత స్పీకర్ ఒకటి తగిలించి తక్కువ సౌండ్‌లో ఓ గంట పాడించండి. గంటయ్యాక ప్లగ్గు పీకి హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉన్నా చెయ్యి ఉంచగలిగితే డబ్బా మూసెయ్యొచ్చు, చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసేంత ఉంటే ఐసీ వెనకాల పేస్టు, స్క్రూ బిగింపు ఇంకోసారి చూడాలి.